మూడో ఆదివారం రండి

హవల్దారు చంద్రరావు ట్రిగ్గర్ మీద వేలైనా పెట్టలేదు. పిస్టల్ నడుముకున్న హోల్‌స్టర్‌లోనే పేలింది. తూటా తొడలో దిగింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

వారం తిరిగింది. రాజమండ్రి కోటిలింగాల రేవులో, పొద్దున్న ఏడింటికి, చీఫ్ భీమరాజు గారు భుజాన తువ్వాలుతో స్నానానికొచ్చిన ముసలాయనలా మెట్ల మీద కూర్చున్నారు. ఏజెంట్ విజయ్ పాల్ వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

“మాడ్యులర్ సర్వీస్ పిస్టల్,” అన్నారు చీఫ్ ఏటి వైపు చూస్తూ. “సైన్యం తీసుకున్న కొత్త మోడల్. మన ఆయుధాగారంలో ఆరేళ్లు ఆర్మరర్‌గా తుపాకులు విప్పి బిగించావు, నీకు నేను చెప్పేదేముంది?”

“పిడి మార్చొచ్చు, బ్యారెల్ మార్చొచ్చు, స్లైడ్ మార్చొచ్చండి. లోపలుండే ఉక్కు చట్రమే అసలు పిస్టల్. నంబరు దాని మీదే ఉంటుంది.”

“ఆ చట్రంలో స్ప్రింగ్ మార్చేశారు. కదిలితే చాలు, పేలుతుంది. ఒక విదేశీ ఆయుధ వ్యాపారుల రింగ్ పని. ఇంకొక్క ప్రమాదం జరిగిందా, మన పిస్టల్ మూలన పడుతుంది, వాళ్ల సరుకొచ్చి కూర్చుంటుంది. ఇవాళ పదకొండింటికి ఏటి మధ్య లంకలో ఆఖరి ట్రయల్. ఆరు పిస్టళ్లు. అందులో ఒకటి చెడింది.”

“ట్రయల్ ఆపించెయ్యండి సర్.”

“ఆపితే, మన మనిషి లోపలుందని వాళ్లకి తెలిసిపోతుంది. బతకనిస్తారా? నువ్వు ఇన్‌స్పెక్టర్‌గా వెళ్లి, మామూలు తనిఖీలో దొరికినట్టు పట్టుకోవాలి. ముందు కడియం వెళ్లు. నర్సరీలో ఆమెని కలిసి, ‘నల్ల గులాబీ అంట్లున్నాయా?’ అని అడుగు. ‘మూడో ఆదివారం రండి’ అంటుంది. ఆ జవాబు ఆమె పెట్టుకున్నదే.” చీఫ్ లేచి తువ్వాలు దులిపారు. “ఎనిమిదేళ్లుగా చెబుతున్నాను, మళ్లీ చెబుతున్నాను. నోరు అదుపులో పెట్టుకో.”

మూడో ఆదివారం అన్న మాట విజయ్ పాల్ గుండెలో ఎక్కడో కలుక్కుమంది. మూడేళ్ల క్రితం లూథరన్ చర్చిలో, వరసగా మూడు ఆదివారాలు చదవాల్సిన అతని పెళ్లి ప్రకటన రెండు ఆదివారాలు చదివారు. మూడో ఆదివారం రాకముందే పెళ్లికూతురు మాయమైంది. పేరు మెర్సీ. అదే ఆయుధాగారంలో అతని దగ్గర పని నేర్చుకున్న పిల్ల. ఢిల్లీలో ఎవరినో చేసుకుందని ఆఫీసులో చెప్పారు. నమ్మాడు, వెర్రివాడు! నమ్మి మూడేళ్లు ఆమెని తిట్టుకుంటూ బతికాడు.

ఎనిమిదిన్నరకి కడియం నర్సరీలో దిగిన విజయ్ పాల్ ఇప్పుడు రిసార్ట్ మేనేజరు. అంటించుకున్న మీసం, తెల్ల బూట్లు, జేబులో పెన్ను. ఆ పెన్ను నొక్కితే ఊదారంగు టార్చ్. గేటు పక్కన అచ్చిబాబు లారీలోకి మొక్కలెక్కిస్తున్నాడు. ఊళ్లోవాళ్లకి అతను మేస్త్రీ, రింగ్‌కి కాపలా కుక్క.

“మేడమ్ గారూ! మీ కోసం ఎవరో వచ్చారండి!”

క్రోటన్ల వెనక నుంచి ఆమె వచ్చింది. చిలకపచ్చ పట్టుచీర, నల్ల కళ్లద్దాలు, నుదుట ఇంత బొట్టు, జడలో మల్లెలు. నర్సరీ ఓనరు లావణ్య. పెద్దాపురం మరిడమ్మ జాతరకి ఏటా చీర పెట్టి వస్తుందని ఊరంతా చెప్పుకునే లావణ్య. ఆమె కళ్లద్దాలు తీసింది.

మెర్సీ!

విజయ్ పాల్‌కి ఏదీ గుర్తు రాలేదు. నల్ల గులాబీ లేదు, కోడ్ లేదు, ఏమీ లేదు. ఆయుధాగారం గుమ్మంలో ఐదేళ్లపాటు రోజూ పొద్దున్న ఆమెని చూడగానే అన్న మాటే నోట్లోంచి జారిపోయింది.

“వందనాలండి.”

“వందనాలండి,” అంది ఆమె, చిన్నప్పటి నుంచీ ప్రతి విశ్వాసికీ చెప్పినట్టే, కళ్లు మెరుస్తుండగా.

అనేశాక ఇద్దరికీ తెలిసింది. లారీ దగ్గర అచ్చిబాబు చేతిలోని మొక్క అలాగే ఉండిపోయింది. మరిడమ్మకి చీర పెట్టే మనిషి చర్చివాళ్లలా వందనాలు చెప్పడమేంటి? అదీ అంత అలవాటుగా! మొక్క కింద పెట్టి, ఫోన్ తీసుకుని లారీ వెనక్కి వెళ్లాడు.

“గులాబీలు ఇటున్నాయండి, రండి,” అని గట్టిగా అని, ఆమె అతన్ని షేడ్ నెట్ కిందకి నడిపించింది. అక్కడ గొంతు తగ్గించింది. “విను. ఇవాళ్టి పిస్టల్‌లో స్ప్రింగ్ మార్చింది నేనే. మార్చకపోతే నమ్మరు. చంద్రరావు గారిది మాత్రం నాకు ముందు తెలియదు, దేవుడి తోడు. ఇది నంబరు మీద టేపు వేసి ఇచ్చారు, ఆరింటిలో ఏ పిస్టలో నాకు తెలియదు. నువ్వు నేర్పినట్టే ట్రిగ్గర్ బార్ కింద నా గుర్తుగా చుక్క పెట్టాను. రంగులేని గోళ్లరంగు. ఊదా టార్చ్‌లోనే కనబడుతుంది.”

“నడు, నాతో వచ్చెయ్.”

“గేటు దగ్గర నలుగురున్నారు. మొక్కలు కొనడానికొచ్చావనుకుని నిన్ను వదులుతారు. నన్ను వదలరు. నువ్వు వెళ్లు, అక్కడ లంకలో ఆ హోల్‌స్టర్ కట్టుకునే మనిషికి ఏం తెలుసు, పాపం?”

“ఎందుకు చెప్పలేదే నాకు? మూడేళ్లు!”

“ఆఫీసులో చెప్పనివ్వలేదు. ఏదో ఒక రోజు నువ్వే వస్తావని ఆ కోడ్ పెట్టుకున్నాను. అర్థం చేసుకుంటావనుకున్నాను, మొద్దూ.” నవ్వబోయి ఏడ్చింది. కళ్లు తుడుచుకుని అతని చేతిలో ఒక గులాబీ అంటు పెట్టి, గేటుకి వినబడేలా అంది: “నల్లది లేదండి. మూడో ఆదివారం రండి.”

కారెక్కగానే చీఫ్‌కి ఫోన్ చేశాడు. “ఆమె దొరికిపోయింది సర్. నా వల్లే. మనుషుల్ని పంపండి!”

అవతల చీఫ్ రెండో ఫోన్ అందుకున్న చప్పుడైంది. “పంపుతున్నాను. నలభై నిమిషాలు. నువ్వు లంకకి పో. అక్కడ జామర్ వేశారు, ఫోన్లు పలకవు.”

ఏటిగట్టు మీద కారు పరిగెత్తుతుంటే విజయ్ పాల్ వెక్కి వెక్కి ఏడ్చాడు. అంటించిన మీసం ఊడి ఒళ్లో పడింది. రేవులో కార్లని ఏరు దాటించే పంటు అవతలి ఒడ్డున ఉంది. అది వచ్చేదాకా అతను పడ్డ యాతన పగవాడికి కూడా వద్దు.

లంకలో రేంజ్‌కి చేరేసరికి పదకొండుకి నాలుగు నిమిషాలు. బల్ల మీద ఐదు పిస్టళ్లున్నాయి.

“ఇన్‌స్పెక్షన్!” అంటూ కార్డు చూపించి మొదటిది అందుకున్నాడు. మ్యాగజైన్ బయటికి. ఛాంబర్ ఖాళీ. స్లైడ్ ఊడింది. పిడిలోంచి చట్రం పైకొచ్చింది. పెన్ను నొక్కాడు. చుక్క లేదు. రెండోది. లేదు. చేతులకి పని తెలుసు కాబట్టి సరిపోయింది, మనిషి అక్కడ లేడు. మూడు, నాలుగు, ఐదు. లేదు.

“ఆరోదేదీ?”

“కెప్టెన్ గారు కట్టుకున్నారండి,” అన్నాడు స్టోర్ కీపరు, చూపు తప్పించి.

ఫైరింగ్ లైన్ మీద కెప్టెన్ ప్రసన్నకుమారి, నడుముకి హోల్‌స్టర్. విజిల్ నోట్లో పెట్టుకున్నారు. ఆమె చెయ్యి పిడి వైపు కదిలింది.

“ముట్టుకోకండమ్మా!”

ఒక్క ఉరుకులో ఆమె మణికట్టు పట్టుకున్నాడు. రెండో చేత్తో చాకు తీసి బెల్టు కోశాడు. హోల్‌స్టర్‌తో సహా పిస్టల్‌ని పక్కనున్న ఇసక తొట్టిలోకి విసిరాడు. ఢాం! ఇసక అందరి మొహాలకీ కొట్టింది. కెప్టెన్ వంగి తన కాలు తడుముకున్నారు. స్టోర్ కీపరు పరిగెత్తబోతే జవాన్లు పట్టుకున్నారు.

ఇసకలోంచి తీసి, విప్పి, టార్చ్ వేశాడు. ట్రిగ్గర్ బార్ కింద నీలంగా మెరిసింది చిన్న చుక్క, గుండ్రంగా, అంచు చెదరకుండా. అంత శుభ్రంగా చుక్క పెట్టడం అతనికే ఎప్పుడూ చేతకాలేదు.

పంటు ఇవతలి ఒడ్డుకి రాగానే ఫోన్ మోగింది.

“రింగ్ మొత్తం దొరికింది,” అన్నారు చీఫ్. “అచ్చిబాబు, లారీ, సరుకు, అన్నీ.”

“మెర్సీ?”

“షేడ్ నెట్ కింద... మనవాళ్లు పది నిమిషాలు లేటయ్యారు.” ఆయన గొంతు మొదటిసారి ముసలి గొంతులా వినిపించింది. “వచ్చేది నువ్వని ఆమెకి చెప్పలేదు. ఉన్నది ఆమె అని నీకు చెప్పలేదు. తప్పు నాదయ్యా. వాళ్లమ్మకి ఇంకా కబురు పంపలేదు.”

“నేను వెళతానండి.”

ఆ రోజు ఆదివారమే. రాజమండ్రిలో మెర్సీ తల్లి దీనమ్మ గారు అప్పుడే చర్చి నుంచి వచ్చి, బైబిలు చేత్తో పట్టుకునే తలుపు తీశారు. అతన్ని చూడగానే ఆమె మొహం వెలిగిపోయింది.

“వందనాలు బాబూ! ఎన్నాళ్లకెన్నాళ్లకి! మా మెర్సీ కబురేమన్నా తెలిసిందా?”

విజయ్ పాల్ చేతులు జోడించాడు. పెదవులు కదిలాయి గానీ ఆ మాట రాలేదు. చీఫ్ ఎనిమిదేళ్లుగా నెత్తీనోరూ కొట్టుకుని చెప్పిన ఆజ్ఞని, ఆ గుమ్మంలో, మొట్టమొదటిసారి, ఏ లోటూ లేకుండా పాటించాడు.