బాలింత గేదె

పొద్దున్నే పాల తప్పేలా పట్టుకుని పాకలోకి వెళ్ళిన సూర్యకళకు గుండె జారిపోయింది. ఈని పట్టుమని పది రోజులు కాలేదు, గేదె పొట్ట ఉబ్బి, మెడ వాల్చేసి పడుంది. పళ్ళు కొరుకుతోంది. దూడ అరుస్తుంటే చెవైనా కదపడం లేదు.

"ఏవండీ! ఒక్కసారి ఇలా రండి!"

దొరబాబు పరిగెత్తుకొచ్చాడు. వెనకే అతని తల్లి పాపాయమ్మ. ఆవిడ గేదెను చూసింది, కోడలిని చూసింది, ఇక నోరు ఊరుకుంటుందా!

"చెప్తే విన్నావా? పశువులాసుపత్రిలో ఇచ్చారని ఆ ఖనిజాల పొడి ఒకటి కలుపుతావు. దాణా డబ్బాతో కొలుస్తావు. పాకనుకున్నావా, మందుల షాపనుకున్నావా? చూడు, నోరులేని జీవాన్ని ఏం చేశావో!"

పుట్టింటివాళ్ళు పసుపు కుంకాల కింద ఇచ్చిన గేదె అది. తవుడెంత, తెలగపిండెంత, పచ్చగడ్డెంత అని డాక్టరుగారిని అడిగి మరీ సాకింది సూర్యకళ. అయినా ఆ మాటకి ఆమెకే అనుమానం పుట్టింది. నిజంగా తన పొడివల్లేనా?

"ఇవాళ్టితో ఆ పొడి ఆపెయ్," అన్నాడు దొరబాబు.

"ఆపుతానండి. ముందు డాక్టరుగారిని తీసుకురండి."

సామర్లకోటనుంచి డాక్టరు మురళీకృష్ణ స్కూటర్ మీద వచ్చేసరికి ఎనిమిదైంది. "ఏం తిందమ్మా?" అని అడిగాడు.

"రోజూ తినేదేనండి," అంది పాపాయమ్మ, కోడలు నోరు తెరిచేలోపే.

"కొత్తగా ఈనింది కదా, ఒంట్లో కాల్షియం తగ్గి పడిపోయుంటుంది," అంటూ ఆయన సంచిలోంచి సీసా తీశాడు.

సూర్యకళ చూపు కుడితి తొట్టి మీద పడింది. అంచునిండా అన్నం మెతుకులు. చరచరా వెనక వసారాలోకి వెళ్ళింది. నిన్న మావగారి సంవత్సరీకానికి వండిన అన్నం రాత్రి సగం గుండిగ మిగిలింది. ఇప్పుడు అందులో ఒక్క మెతుకు లేదు. ఆ గుండిగ తెచ్చి డాక్టరు ముందు పెట్టింది.

"రాత్రి ఇందులో సగందాకా అన్నం ఉందండి."

దొరబాబుకి చిర్రెత్తింది. "అమ్మ మీదకి తోస్తావేంటి?"

"నేనెవరి మీదకీ తొయ్యట్లేదండి. ఏం తిన్నదో తెలీకుండా వైద్యం చేస్తే గేదె దక్కదు. అత్తయ్యగారూ, రేపంతా నన్ను తిట్టండి, పడతాను. ఇప్పుడు మాత్రం నిజం చెప్పండి."

పాపాయమ్మ ఖాళీ గుండిగ వంక చూసింది. "నేనే పెట్టాను. ఆబగా తింటుంటే ముచ్చటేసి మొత్తం పెట్టేశాను."

డాక్టరు సీసా లోపల పెట్టేశాడు. "బతికించారమ్మా. అంతన్నం ఒక్కసారి పడితే పొట్టలో పులిసిపోయి విషమవుతుంది. పొడికీ దీనికీ సంబంధమే లేదు." వంటసోడా కలిపిన నీళ్ళు గొట్టంతో పట్టించి, సెలైన్ ఎక్కించాడు. లేస్తే నడిపించమని చెప్పి వెళ్ళాడు.

"ఎందుకే అమ్మా ఇలా చేశావు?" అన్నాడు దొరబాబు.

"నువ్వు పుట్టినప్పుడు పత్యమని చెప్పి మా అత్త రోజుకి రెండు గుప్పెళ్ళు కొలిచి పెట్టేదిరా. వంటింట్లో అన్నం ఉడికే వాసనొస్తే ఏడుపొచ్చేది. ఇదీ బాలింతే కదా. కోడలు డబ్బాతో కొలుస్తుంటే నా ప్రాణం ఒప్పలేదు."

సూర్యకళకు పొద్దున్నుంచి ఉన్న కోపమంతా ఎటు పోయిందో పోయింది. మధ్యాహ్నానికి గేదె లేచింది. అత్తా కోడళ్ళిద్దరూ చెరోపక్కా నిలబడి పెరడంతా తిప్పారు. మూడింటికి అది త్రేన్చి, మెల్లగా నెమరు మొదలెట్టింది. పాపాయమ్మ దాని మెడ పట్టుకుని భోరుమంది.

"పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్ళైనా ముట్టలేదు మీరు. రండి."

సూర్యకళ ఆవిణ్ణి కూర్చోబెట్టి అన్నం, ముద్దపప్పు, నెయ్యి వడ్డించింది. పాపాయమ్మ కంచానికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ చెయ్యి పక్కకి జరిపి మరో రెండు గరిటెలు వేసింది సూర్యకళ.

"చాలే అమ్మాయ్! కొలతా పాడూ లేకుండా అలా వేసేస్తావేంటి?"

"గేదెకైతే కొలుస్తాను అత్తయ్యగారూ. మీకు కొలవను."