మూడో సెల్లారులో కొత్త గీతలు

రాయదుర్గంలో ఆ ఆఫీసు టవరు మూడో సెల్లారుకు మంచి పేరు లేదు. సారు కోసం కారులో కాచుకున్న డ్రైవరొకడు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ప్రాణం విడిచాడట. అప్పట్నుంచి రాత్రిళ్లు కనబడని చెయ్యేదో అక్కడి కార్లు తుడుస్తుందని... చెప్పుకునేవారు.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె సాగుతున్న రోజులవి. బస్సుల్లేవు, ఆఫీసులు సగం ఖాళీ. అలాంటి రాత్రి, బోరబండలో కిరాయికుండే అనంతపురం ఓబులేసు ఒంటరిగా ఆ సెల్లారులోకి దిగాడు. ఒక నల్లకారు ఒంటిమీది సన్నగీతలన్నీ పాలిష్ మిషన్‌తో పోగొట్టి తెల్లారేసరికి అప్పగించాలి. ఒక్క గీత మిగిలినా ఇక పనిలోకి రావద్దన్నాడు షాపు యజమాని.

"భయమైతే పిలువన్నా," అన్నాడు గేటు కాడి వాచ్‌మన్ నర్సింలు. "నేను పైననే ఉంట."

రెండు గంటలు మిషన్ గుయ్యిమంది. బానెట్ అద్దమైంది. టార్చి వేసి చూశాడు — ఒక్క గీత లేదు. మిషన్ ప్యాడు కడుక్కుందామని స్తంభాల అవతల మూలనున్న నల్లా దగ్గరికి వెళ్లాడు. తిరిగొచ్చి మళ్లీ టార్చి వేస్తే...

వెలుగు చుట్టూ గుండ్రంగా, సాలెగూడులా — కొత్త గీతలు!

దుమ్ముపట్టిన పొడిగుడ్డతో రుద్దితే పడే గీతలవి. ఆ సంగతి ఓబులేసుకు తెలుసు. కానీ... రుద్దిందెవరు?

చుట్టూ టార్చి తిప్పి చూశాడు, ఎవరూ లేరు. అయినా పని పోతే బతుకెట్లా అనుకుని మళ్లీ పాలిష్ పట్టాడు. మళ్లీ నల్లా దగ్గరికి వెళ్లొచ్చాడు... మళ్లీ గీతలు!

మూడోసారీ పాలిష్ పట్టి, నల్లా దగ్గరికి వెళ్లినట్టే అడుగుల చప్పుడు చేసి, టార్చి ఆర్పేసి, స్తంభం వెనక నక్కాడు.

దూరంగా ఒక్క లైటు, చుట్టూ మసకచీకటి. తన గుండె తనకే వినబడుతోంది. అంతలో —

సర్... సర్... సర్...

టార్చి వేశాడు. బానెట్ మీదికి వంగి, చేతిలో తువ్వాలతో — నర్సింలు!

"ఏంది సామీ ఇది! నా పొట్ట కొడ్తాండావే!"

నర్సింలు తల దించుకున్నాడు. "తప్పైందన్నా... బస్సుల్లేక నా జోడీగాడు డ్యూటీకి వస్తలేడు. నాలుగు రాత్రుల సంది ఒక్కణ్ణే. ఆ డ్రైవర్ సచ్చిన రోజు కారు తలుపు తీసింది నేనే... ఇయ్యాల నీ మిషన్ సప్పుడుకు జర పానం నిమ్మళమైంది. పనైపోతే నువ్వు పోతవ్ గద..."

ఓబులేసు మళ్లీ మిషన్ అందుకున్నాడు. ఈ ఊళ్లో ఆ నెలంతా, మీ ఊరికి పొమ్మన్నవాళ్లనే చూశాడు గానీ, పోవద్దని గీతలు గీసినవాణ్ణి చూడటం ఇదే మొదలు.

మూడున్నరకల్లా బానెట్ మళ్లీ తళతళలాడింది. సామాను సర్దుకుని వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు. కారు పక్కనే చతికిలబడి, ప్యాడు దేనికీ తగలకుండా మిషన్‌ను గాల్లోకెత్తి పట్టుకుని, మీట నొక్కాడు.

తెల్లారేదాకా అది మోగుతూనే ఉంది. పక్కన, గోడకు ఆనుకుని, నర్సింలు నిద్రపోయాడు.