పది గజాల మర్యాద

కళ్ళజోళ్ళ కొట్టు కుర్రాడు అతి మర్యాదస్తుడు. ఆ మర్యాదే ఇవాళ అతని కొంప ముంచేలా ఉంది.

లెక్కల టీచరు కళ్ళజోడు కోసం కొట్టుకి వచ్చిన నెలకే అతను సైకిలు కొన్నాడు. ఎందుకు కొన్నాడో వాళ్ళమ్మకి కూడా చెప్పలేదు. ఆ టీచరమ్మ సైకిలు తొక్కే ఆదివారం గుంపులో చేరి మూడు వారాలైంది.

ఇవాళ కొండ హైవే మీద ఎనభై కిలోమీటర్లు. మిగతావాళ్ళు ముందే వెళ్ళిపోయారు, ఆమె మాత్రం అతనికి కాస్త ముందు తొక్కుతోంది. సాయంత్రం ఆమె వాళ్ళ పెదనాన్నకి, తనకొచ్చిన ఓ సంబంధం గురించి జవాబు చెప్పాలట. ఈలోపే మనసులో మాట చెప్పెయ్యాలని ఇతగాడు పొద్దుటి నుంచీ గుటకలు మింగుతున్నాడు.

ఎదురుగాలి మొహాన కొడుతోంది. ఆమె నెమ్మదించింది. ఇతనూ నెమ్మదించాడు. ఆడపిల్ల వెనకాల అంటిపెట్టుకుని వెళ్తే ఏం బావుంటుంది? సరిగ్గా పది గజాలు వదిలాడు.

మలుపులో ఆమె సైకిలు దిగిపోయింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“నాతో రావడం ఇష్టం లేకపోతే చెప్పేయొచ్చుగా?”

“అయ్యో, నేనేం చేశానండీ?”

“మూడు ఆదివారాలుగా మీ ముందుండి గాలికి అడ్డు నిలుస్తున్నాను. నా చక్రం వెనకే వస్తే మీకు గాలి తగలదు, బోలెడు శ్రమ తగ్గుతుంది. గుంపులో అందరూ అలాగే వెళ్తారు. మీరేమో నాకేదో అంటురోగం ఉన్నట్టు దూరం జరుగుతున్నారు.”

అతను నోరెళ్ళబెట్టాడు. “దగ్గరగా వస్తే మర్యాదగా ఉండదేమోనని...”

“ఆ మర్యాద కోసం ఇంత గాలీ మీరొక్కరే తిన్నారా?” ఆమెకు నవ్వు ఆగలేదు. అంతలోనే మొహం పక్కకి తిప్పుకుంది. “నేనంటే ఇష్టం లేదనుకున్నాను. పెదనాన్నకి సరేనని చెప్పేద్దామనుకున్నాను.”

అతను గబుక్కున సైకిలు దిగాడు.

“చెప్పకండి. మీరంటే నాకు ప్రాణం. చెప్పడం చేతకాక ఇన్నాళ్ళూ చచ్చాను.”

ఆమె ఫోను తీసింది.

“పెదనాన్నా, ఆ సంబంధం వద్దు... ఉన్నారొకరు. కళ్ళజోళ్ళు అమ్ముతారు... పక్కనే ఉన్నారు, ఇస్తున్నాను.”

అతను ఫోను రెండు చేతులా పట్టుకుని “అలాగేనండీ” అని మూడుసార్లు అన్నాడు.

“ఏమన్నారు?”

“చీకటి పడేలోపు ఇద్దర్నీ ఇంటికి రమ్మన్నారు. ఇప్పుడు నేను ముందుంటాను.”

“మీ వేగానికి తెల్లారుతుంది.”

“తెల్లారనివ్వండి. మీకు గాలి తగలకూడదు.”

ఆమె జానెడు దూరంలో అతని వెనకే వచ్చింది.

“ఇంకాస్త దగ్గరగా రండి,” అన్నాడు వెనక్కి తిరక్కుండా.