ఎడమకే తిరిగే దెయ్యం

రాత్రి భోజనానికి ముందు పెరటి గట్టుమీద కూర్చుని మా ఆయన చేతులు చాపితే, నేను చెంబుతో వేణ్ణీళ్ళు పోసేదాన్ని. గ్రీజు వదలడానికి ఆయన కుంకుడు రసంలో బూడిద కలిపి, గోళ్ళ సందుల్లో కూడా ఓపికగా రుద్దుకొనేవారు. ఆ అలవాటు ఇప్పుడు మా ఇంట్లో లేదు.

ఇక చెప్పవలసినది కళ్ళం సంగతి.

బొర్రా నుంచి పైకి వచ్చే దారిలో, రైలు పట్టాలకు ఎగువన, చుట్టుపక్కల గూడేలన్నిటికీ ఉమ్మడిగా ఒక పెద్ద కళ్ళం ఉంది. పగలు అక్కడ చోళ్ళు నూరుస్తారు. పైవాళ్ళు రాగులనే గింజలే ఇక్కడ చోళ్ళు. సామలు తూర్పారబడతారు, పిల్లలు బంతి ఆడతారు. పొద్దు వాలితే మాత్రం అక్కడ మనిషి నిలవడు. పోయినవాళ్ళు తమ వంతు గింజల కోసం చీకట్లో ఆ కళ్ళానికి వస్తారని పెద్దల మాట. నూర్చిన గింజల్లో తొలి దోసెడు అంచున వదిలి, వెనుదిరిగి చూడకుండా ఇంటికి పోవాలి.

అక్కడ గాసికి ఎదురైనదాన్ని, అతని నోట విన్నట్లే చెబుతాను.

గాసి బొర్రా గుహలకు వచ్చే యాత్రికులకు బొంగు చికెన్ కాల్చి అమ్ముతాడు. ఆ సాయంత్రం బేరం ఆలస్యమైంది. మంచు దిగుతోంది. మర్నాటికి కావలసిన వెదుళ్ళు భుజాన వేసుకుని, దగ్గరి దారి కదా అని కళ్ళం మీదుగా నడిచాడు.

"ముందు సప్పుడు ఇనబడింది టీచరమ్మా," అన్నాడు గొంతు తగ్గించి. "డుబ్... డుబ్... డుబ్... కొండ గుండెల మీద ఎవులో గుద్దుతన్నట్టు."

రోడ్డు మీద పోయే బండేమో అనుకున్నాడట. కాని రోడ్డు మీది చప్పుడు వస్తుంది, పోతుంది. ఇది రావడం లేదు, పోవడం లేదు... తిరుగుతోంది.

దీపం లేదు. వెలుగు జాడ లేదు.

అప్పుడు మంచులోంచి ఒక తల బయటికి వచ్చింది — నల్లగా, గుండ్రంగా, కుండంత. కళ్ళు లేవు. ముక్కు లేదు. చేతులు గద్ద రెక్కల్లా ఇరువైపులా చాచి ఉన్నాయి. ఎడమకాలు నేల మీద ఈడుస్తోంది. ఆ అరికాలి కింద నుంచి... నిప్పులు!

"కొరివి దెయ్యం సేత్తో నిప్పు పట్టుకుంటాదని మా అమ్మమ్మ సెప్పింది. ఇదేటమ్మా, కాలితో రాల్చీస్తంది!"

గాసి ధైర్యం పూర్తిగా పోగొట్టుకోలేదు. దెయ్యానికి ఇనుమంటే భయమని గుర్తు తెచ్చుకుని, మొలలోని కత్తి తీసి ఎత్తి పట్టుకున్నాడు. అది వెనక్కి తగ్గలేదు. ఇంకా దగ్గరగా వచ్చింది. అప్పుడు కనిపించింది — దాని ఎడమ పాదమే ఇనుము.

"ఇనుము సూపిత్తే పారిపోవాల గదా. ఇది ఇనుమే తొడుక్కొని తిరుగుతంది. మరింక దానికి ఏటి సూపించాల?"



వెదుళ్ళు అక్కడే పారేసి గాసి పరుగెత్తాడు. గూడెంలో పూజలు చేసే బుధు అంతా విని, ఒక్కటే అడిగాడట. "ఏ పక్కకి తిరిగింది?"

"ఎడమకి. ఎన్ని మార్లు తిరిగినా ఎడమకే."

బుధు కళ్ళు మూసుకున్నాడు. దేవుడి చుట్టూ కుడికి తిరుగుతాం. ఆ కళ్ళం నడుమ రాట చుట్టూ ఎడ్లనూ కుడికే తోలుతారు. ఎడమకు తిరగడం చావు పనుల్లో మాత్రమే ఉంది.

మర్నాటి నుంచి పగలు కూడా కళ్ళానికి ఎవరూ ఎడ్లను తోలలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే కథ తప్పుదారి పడుతుంది. ఆ కుండంత తల హెల్మెట్. ఆ ఇనుప పాదం, పాత బూటు అడుగున అతికించిన నాగలి కర్రు ముక్క; నేలలోని పలుగురాళ్ళకు ఒరుసుకుని నిప్పులు రాల్చేది. ఆ దెయ్యం మా ఆయన వరహాలరావు గారు.

డొంకరాయి పవర్ హౌస్‌లో ఉద్యోగ విరమణ చేసి వచ్చేటప్పుడు ఆయన వెంట ఒక తుక్కు బుల్లెట్ మోటారు సైకిల్ కూడా వచ్చింది. వెనక వసారాను షెడ్డుగా మార్చి, దాన్ని వెనకటి కాలపు మట్టి ట్రాకు పందేల బండిగా తయారుచేయడం మొదలుపెట్టారు. మడ్‌గార్డులు తీసేశారు, సైలెన్సర్ కోసేశారు, హ్యాండిల్ బారెడు వెడల్పు చేశారు. చూడడానికి వచ్చిన ప్రతివారికీ దాని గురించి ఓపికగా చెప్పేవారు.

"లైటు లేదేటి సార్?" అని బుధు ఒకసారి అడిగాడు.

"అక్కర్లేదు."

"ముందు బ్రేకు?"

"అక్కర్లేదు. మట్టిలో అడ్డంగా జారుతూ పోవాలి. ఎడమకాలు నేలకు ఆనించి, ఎడమకే తిరగాలి. ఆ పందెంలో కుడికి తిరగడమంటూ ఉండదు."

బుధు వేలితో గాలిలో ఎడమకు ఒక చుట్టు గీసి చూశాడు. "మరి ఇంటికెలాగ వస్తారు సార్?"

మా ఆయన ఆ ప్రశ్నను తేలికగా తీసుకోలేదు. రాత్రి అన్నం తింటూ కూడా దాని గురించే ఆలోచించారు.

పేడతో అలికి, ఎడ్ల గిట్టలకు గట్టిపడిన ఆ కళ్ళం కంటే మంచి ట్రాకు ఈ కొండల్లో దొరకదు. ఈ వయసులో ఇదేమిటని నవ్వుతారని ఆయనకు బిడియం. అందుకే మనుషులు వెళ్ళిపోయాక, చీకట్లో, బండి తోసుకుంటూ వెళ్ళేవారు. ఆ మంచులో గాసిని ఆయన చూడనే లేదు.

ఆ వారంలోనే దేముడమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. ఒంటరి మనిషి. కోసిన చోడి కంకులన్నీ ఆ కళ్ళం పక్కనే కుప్ప వేసి ఉన్నాయి. తుఫాను వస్తోందని ఫోన్లలో హెచ్చరికలు మోగుతున్నాయి.

"మా మేనల్లుళ్ళు ఎడ్లని తోలం అనీసినారు టీచరమ్మా. దెయ్యం తిరిగిన నేల మీద ఎడ్లు సచ్చిపోతాయంట. వాన పడితే కంకులు మొలకెత్తీస్తాయి. నా ఏడాది కూడు అదే."

మా ఆయన ముఖం పాలిపోయింది. చేతిలోని స్పానర్ కింద పెట్టి, లేచి నిలబడి చెప్పారు. "దేముడమ్మా, అది దెయ్యం కాదు. నేనే. ఈ బండి మీద తిరిగాను."

దేముడమ్మ బండి వైపు చూసింది. నడిపి వచ్చిన రాత్రే బండి మొత్తం విప్పి కడగకపోతే ఆయనకు నిద్రపట్టదు. చక్రాలు దూలానికి వేలాడుతున్నాయి. పెట్రోలు ట్యాంకు అరుగు మీద బోర్లించి ఉంది. ఇంజను గోనెపట్టా మీద ముక్కలుగా, వరుసగా, బొమ్మల కొలువులా పేర్చి ఉంది.

"ఈ బండా సార్?"

"ఇదే."

"ఇది తిరిగిందా?"

"తిరిగింది."

"ఇలాగ... ముక్కలుగానా?"

ఆయన తడబడ్డారు. "సాయంత్రానికి బిగిస్తాను. ఉండు, స్టార్ట్ చేసి చూపిస్తాను."

"సీకటి పడితే ఎవులుంటారు సార్? అది తిరిగే ఏళ గదా!"

ఆయన బుధు దగ్గరికీ వెళ్ళి ఒప్పుకున్నారు. బుధు చేతులు జోడించాడు. "మీరు మంచోరు సార్. దెయ్యం తప్పు కూడా మీ మీద ఏసుకుంటన్నారు." తరువాత దేముడమ్మకు ఉపాయం చెప్పాడు. దాన్ని వెళ్ళగొట్టే పూజకు ఇప్పుడు వ్యవధి లేదు. అయినా ఎడ్లు చేసే పనేమిటి? రాట చుట్టూ తిరగడం. అదీ రాట చుట్టూనే తిరుగుతోంది. కంకులు పరిచి, తొక్కమని మర్యాదగా అడిగి చూడమన్నాడు.

ఆ మాట విని మా ఆయన ముఖంలోకి మళ్ళీ కళ వచ్చింది.

"నిజమే. వెడల్పు టైరు. బాగా నలుగుతాయి," అన్నారు. "ఆ తుఫాను వచ్చేలోపల తొక్కేస్తాను. ఎవరని అనుకుంటే ఏం?"

ఆ రోజంతా షెడ్డు చీకట్లో నేను టార్చి పట్టుకున్నాను, ఆయన బిగించారు. పొద్దుగూకాక ఇద్దరం బండిని తోసుకుంటూ వెళ్ళాం. ఆకాశంలో ఒక్క చుక్క లేదు. గాలి ఆగిపోయింది. రాట చుట్టూ కంకులు ఒత్తుగా పరిచి ఉన్నాయి. అంచున ఒక ఆకులో గుడ్డు, పక్కన సీసాలో జీలుగు కల్లు.

ఆయన హెల్మెట్ పెట్టుకున్నారు. కిక్కు కొట్టారు.

డుబ్... డుబ్... డుబ్...

నేను మా టార్పాలిన్ చంకన పెట్టుకుని కుప్ప చాటుకు వెళ్ళాను. అక్కడ... ఎవరో ఉన్నారు. ఊపిరి పీల్చడం వినిపిస్తోంది. చల్లటి చెయ్యి ఒకటి నా మణికట్టు పట్టుకుంది.

"వంగోండి టీచరమ్మా! సూసీగల్దు!"

దేముడమ్మ. ముసుగు కప్పుకుని గొంతుక్కూర్చుని ఉంది.

"అది మా ఆయనే దేముడమ్మా," అన్నాను.

"ష్... అలాగ మనోళ్ళ పేరు పెట్టకండి. అంటుకుంటాది." తరువాత చీకట్లోకి మెల్లగా పిలిచింది. "తొక్కు నాయినా, తొక్కు... ఆ మూల ఒగ్గీసినావు. ఆ మూల, ఆ మూల... అద్దీ!"

నిప్పులు రాలుతున్నాయి. కంకులు నలుగుతున్న చప్పుడు ఇంజను చప్పుడు కింద వినిపిస్తోంది. బండి అడ్డంగా జారుతూ, ఎడమకు, ఎడమకు... ఆయన అంత ఆనందంగా ఉండడం నేను చీకట్లో కూడా గుర్తుపట్టగలను.

అంతలో ఇంజను దగ్గింది. ఒకసారి పేలింది. ఆగిపోయింది.

బండి పడిన చప్పుడు. తరువాత ఏ చప్పుడూ లేదు.

నేను పరుగెత్తాను. దేముడమ్మ చేట అడ్డం పెట్టుకుని నా వెనకే వచ్చింది. ఆయన గడ్డిలో కూర్చుని హెల్మెట్ తీస్తున్నారు. గడ్డం నిండా పొట్టు. దెబ్బ తగలలేదు.

"సార్!" అంది దేముడమ్మ. "మీరా!"

ఆయన ముఖం విప్పారింది. "నేనే. చెప్పాను కదా."

దేముడమ్మ ఆయన భుజం మీది పొట్టు దులిపింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అయ్యో, ఎక్కడినుంచి ఈడ్చుకొచ్చి పడీసిందో మిమ్మల్ని! బండితో సహా! బేగి ఇంటికెళ్ళిపోండి సార్. అది మళ్ళీ వచ్చీగల్దు. సగమే తొక్కింది, ఇంకా సగం మిగిలిపోనాది."

ఆయన బండిని లేపి నిలబెట్టారు.

ఇంజనులో ఏదో విరిగింది, ఆ రాత్రి ఇక తిరగదని నాతో చెప్పారు. వాన వస్తే కప్పడానికి టార్పాలిన్ దేముడమ్మకు ఇచ్చాం.  ఆయన తల దించుకుని బండిని తోశారు. నేను వెనకనుంచి పట్టాను.

మలుపు దాటాం.

డుబ్... డుబ్... డుబ్...

ఆయన ఆగారు. నేనూ ఆగాను. చప్పుడు వెనకనుంచి, కళ్ళం మీదినుంచి వస్తోంది. రావడం లేదు, పోవడం లేదు... తిరుగుతోంది. ఆయన వంగి మా బండి ఇంజను మీద అరచెయ్యి పెట్టి చూశారు. తరువాత తల పక్కకు వంచి, చాలాసేపు విన్నారు.

"నా దానికంటే నిలకడగా పలుకుతోంది," అన్నారు గుసగుసగా.

మేము వెనుదిరిగి చూడలేదు.

తెల్లవారి వెళ్ళేసరికి కంకులన్నీ నలిగి ఉన్నాయి. గింజ ఎర్రగా, శుభ్రంగా రాలి ఉంది. దేముడమ్మ తూర్పారబడుతోంది. ఆకులో గుడ్డు లేదు. సీసా ఖాళీ. మా ఆయన మోకాళ్ళ మీద కూర్చుని నేల మీది చాళ్ళను వేలితో తడిమి చూశారు. అన్నీ ఎడమకే తిరిగి ఉన్నాయి.

"మన టైరు కాదు," అన్నారు.

దేముడమ్మ చేట ఆపి ఆయన వైపు జాలిగా చూసింది. "మీ టైరు ఎందుకవుద్ది సార్!"

ముగ్గురం కలిసి గింజలు గోనెల్లోకి ఎత్తాం. ఆఖరి గోనె ఆమె చూరు కిందికి చేరాక వాన మొదలైంది. ఆ తుఫాను వెలిసేలోపే ఒక తెల్లవారుజామున మా ఆయన నిద్రలో పోయారు. ఆయన మళ్ళీ విప్పిన ఇంజను గోనెపట్టా మీద అలాగే ఉంది. అందులో ఏది విరిగిందో నాకు తెలియదు.

అంతకు ముందు, గింజలు దేముడమ్మ ఇంటికి చేరిన రోజు మధ్యాహ్నం వాన కాసేపు తెరిపి ఇచ్చింది. తిరిగి తెచ్చుకున్న టార్పాలిన్ తడి దులిపి, మడత పెట్టడానికి ఆయన ఒక అంచు, నేను ఒక అంచు పట్టుకుని వసారాలో నిలబడ్డాం.

"నీ వైపు కొస జారింది, పైకెత్తు," అన్నారు.

ఎత్తాను. ఆయన నడిచి వచ్చి తన కొసలు నా చేతుల్లో పెట్టారు.