కొసరుకు ఎర్ర దీపం

విశాఖ రైతు బజారులో ఆ ఉదయం డాక్టర్ నూకరత్నం తను తయారుచేసిన చేతి బ్యాండ్‌ను పరీక్షిస్తోంది. కామేశ్వరి టీచర్ మణికట్టుకున్న బ్యాండ్ మీద ఆకుపచ్చ దీపం. అరకిలో వంకాయలు తూగాయి. కూరగాయలమ్మే అప్పాయమ్మ అలవాటుగా గుప్పెడు కరివేపాకు కొసరుగా సంచిలో పడేసింది. దీపం ఎర్రబడింది.

"కరివేపాకు తినొద్దంటోందా ఏంటమ్మా?"

"కాదు టీచర్ గారూ. ఊరికే ఏదైనా చేతిలో పడితే ఇంకేదో కొనకుండా కదలబుద్ధి కాదు. పక్కన బెండకాయలు చూశారు కదూ?"

టీచర్ సిగ్గుపడింది.

"నా కొసరుతో చదివి, నా కొసరుకే ఎర్ర దీపం పెట్టినావేటే రత్నం?" అంది అప్పాయమ్మ. నూకరత్నానికి ఆమె తల్లి. ముగ్గురూ నవ్వుకున్నారు.

బ్యాండ్ చేసేది చిన్న పనే. నాడి వేగం, చర్మం తడి కొలుస్తుంది. కొట్టేసిన పాత ధర, 'ఇంకా రెండే ఉన్నాయి' అనే బోర్డు, ఒకటి కొంటే ఒకటి ఉచితం... వీటికి మనసు లొంగే క్షణాన్ని పట్టుకుని ఫోన్‌లో పేమెంట్ ఆపేస్తుంది. మనల్ని ఇన్నేళ్లు వెర్రివాళ్లను చేసిన మాల్స్‌కు ఆ దెబ్బ తగలాల్సిందే. తగిలింది. ఏడాదిలో ఊరంతా బ్యాండ్లే. బీరువాల మీద విప్పని అట్టపెట్టెలు మాయమయ్యాయి.

కానీ మాల్ ఎర వేరు, అప్పాయమ్మ కొసరు వేరు అని దానికెవరు నేర్పాలి? నేర్పగలిగింది నూకరత్నం ఒక్కతే. "తర్వాతి వెర్షన్‌లో చూస్తాలే అమ్మా" అంది.

ఎర్ర దీపం వెలగకూడదని జనం తూకం అవగానే సంచి మూతి బిగించి కదిలిపోసాగారు. కొసరు పడేటప్పుడు దొర్లే నాలుగు మాటలూ పోయాయి. టీచర్ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో అప్పాయమ్మకు తెలియడం లేదు. ఒకరోజు కరివేపాకు తేవడమే మానేసింది. కొసరు వేసే ఆ చెయ్యి ఇంట్లోనూ అలాగే వెనకాడసాగింది.

ఆరు నెలల తర్వాత, ఆదివారం మధ్యాహ్నం నూకరత్నం భోజనానికొచ్చింది. తల్లి ఒక గరిటెడు అన్నం, ఒక గరిటెడు గోంగూర పప్పు వడ్డించి పక్కన కూర్చుంది. కంచం ఖాళీ అయింది. చిన్నప్పటినుంచీ వద్దన్నా ఆగని గరిటె ఇవాళ కదల్లేదు.

"మారు వడ్డించవేంటమ్మా?"

"బలవంతం చేస్తే నీ చేతి మీద ఎర్రగా ఎలుగుద్దేమోనని."

నూకరత్నం బ్యాండ్ విప్పి పీట కింద పడేసింది. కంచం ముందుకు జరిపింది.

"తీసేశానమ్మా. ఇప్పుడు పెట్టు."

అప్పాయమ్మ గిన్నె వంచి చూపించింది.

"సరిపడానే వండినాను తల్లీ. ఇంక లేదు."