మొక్కు పొట్టేలు

కొట్టంలో తాడు ఉంది. గంగమ్మకు మొక్కుకున్న పొట్టేలు లేదు.

పేడ ఎత్తడానికి వెళ్లిన పంకజాక్షి గంప అక్కడే పడేసి ఇంట్లోకి పరుగెత్తింది. మంచం మీద ఒరిగి కూర్చున్న అత్త దేవకమ్మ కోడలి మొహం చూడగానే గ్రహించింది.

"పొట్టేలేనా?"

"యాడా లేదత్తా. ఎనక దిబ్బకాడా సూసినా."

ఎమర్జెన్సీ నడుస్తున్న రోజులవి. రేణిగుంట పక్కన ఆ పల్లెలో జాతరకు ముందే దండోరా వేయించారు. గుడి దగ్గర జీవాన్ని కోస్తే కేసు. చట్టం పాతదే, దాన్ని పట్టించుకోవడం కొత్త. దేవకమ్మ కొడుకు గంగాధరం పోలీసు కానిస్టేబులు. గంగమ్మ గుడి దగ్గర కాపలా అతనికే పడింది.

చిత్తూరు ఆసుపత్రిలో డాక్టరు దేవకమ్మ కడుపులో గడ్డ చూసి, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. అప్పటినుంచి ఆమెకు ఒకటే ధ్యాస. గంగాధరానికి చిన్నప్పుడు ఒళ్లంతా అమ్మవారు పోసి కళ్లు తెరవని నాడు మొక్కిన మొక్కు అది. ఒకసారి కరువు, ఒకసారి ఇంట్లో చావు అడ్డం వచ్చి తీరనే లేదు. తాను పోయేలోగా ఇవ్వకపోతే గంగమ్మ ఆ బిడ్డనే తీసుకుపోతుందని ఆమె భయం.

"మీ నాయనను పిలువు," అంది కోడలితో.

పంకజాక్షి తండ్రి ఆదిమూలం దేవకమ్మకు సొంత తమ్ముడు. పక్క వీధిలోనే ఇల్లు. వేపపుల్ల నములుతూ వచ్చాడు.

"ఏందక్కా, పొద్దున్నే నన్ను దొంగను జేస్తా ఉండావంట?"

"పోయిన దీపావళికి నా కోడిపుంజు యాడికి పోయిందిరా?"

"అది కోడి. చేతికి దొరికింది, కడుపులోకి పోయింది. గంగమ్మ సొత్తు ముట్టే ధైర్యం నాకు యాడుండాది? నీ కొడుకును అడుగు. టోపీ పెట్టుకున్నోడు వాడు గదా!"

"నాయనా, ఊరుకో," అంది పంకజాక్షి. కానీ ఆమె గొంతులోనూ అదే అనుమానం. గంగాధరం తెల్లవారకముందే ఎవరికీ చెప్పకుండా డ్యూటీకి వెళ్లాడు.

మధ్యాహ్నం అతను వచ్చి టోపీ తీసి గూట్లో పెట్టాడో లేదో తల్లి అడిగింది.

"పొట్టేలు యాడరా?"

"నాకేం తెలుసు? తాడు తెంపుకోని పోయుంటాది."

"తాడు తెగలేదు. ముడి ఇప్పినారు."

గంగాధరం గోడవైపు చూశాడు. "అమ్మా, పోలీసోని ఇంట్లోనే ఈ పని జరిగితే ఉద్యోగం ఊడుతుంది. లోపలేసినా అడిగే దిక్కు లేదు. అయినా నోరు లేని జీవాన్ని కొయ్యొద్దంటే తప్పేముండాది?"

"కసాయి చిన్నబ్బ ప్రతి ఆదివారం కోస్తా ఉండాడే, వాని కాడ పోలీసును పెట్టినారా?"

"అది తినేదానికి."

"మనిషి తినేదానికైతే తప్పులేదు, గంగమ్మకిస్తే తప్పా? నేను ఎవురి సొమ్మూ దొంగిలించలే. నీ ప్రాణానికి మొక్కుకున్నా. నాకూ గంగమ్మకూ నడుమ గవర్నమెంటోళ్లు యాడినుంచి వచ్చినారు?"

"పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లని పడకింట్లోకే వచ్చినారు, గుడి ఎంత అక్కా?" అన్నాడు ఆదిమూలం. ఎవరూ నవ్వలేదు.

దేవకమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని దగ్గరకు లాగింది. ఖాకీ చొక్కా చేతి అంచు మీద ఆమె చూపు ఆగిపోయింది.

"ఈ పసుపేందిరా?"

గంగాధరం చెయ్యి వెనక్కు లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు. పొట్టేలు నెత్తిన పసుపునీళ్లు పోస్తే అది ఒళ్లు విదిలించాలి. అలా విదిలిస్తే గంగమ్మ ఒప్పుకున్నట్టు. ఆ తర్వాతే కత్తి. ఒప్పుకున్న జీవాన్ని ఇవ్వకుండా వెనక్కు తిప్పడం ఆ ఇంట్లో ఎవరూ కలలో కూడా ఎరగరు.

"నువ్వేనా? నా తండ్రీ, నువ్వే నీళ్లు పోసినావా?" నెలలుగా వాడిపోయిన ఆ మొహం ఒక్కసారి వెలిగింది. "ఒళ్లు ఇదిలించిందా?"

ఆ వెలుగు చూసి గంగాధరం మంచం పక్కన కూలబడ్డాడు.

"ఇదిలించిందమ్మా. తోకదాకా ఇదిలించింది."

దేవకమ్మ కొడుకు తల మీద చెయ్యి వేసింది. పంకజాక్షి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"సెయ్యి తియ్యమ్మా. నేను చెప్పేది ఇను," అన్నాడతను. "ఎవురూ రాకముందే నీ మొక్కు నేనే తీర్చాలని తోలుకోని పోయినా. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నా. కత్తి ఎత్తినా. అప్పుడే జీపు సప్పుడు ఇనబడింది. కత్తి పొదలోకి ఇసిరేసినా. ఎస్సై దిగి, ఎవురిదిరా ఇది అన్నాడు. ఎవురో కొయ్యను తెచ్చినారు, నన్ను సూసి పారిపోయినారు, నేనే పట్టుకున్నా అని చెప్పినా. శెబాష్ అని బుజం తట్టినాడు. దిక్కులేని పొట్టేలని ఆడనే వేలమేసినాడు. చిన్నబ్బ పాడుకున్నాడు. ఈపాటికి అంగట్లో యాలాడతా ఉంటాది. గంగమ్మ అడిగిందమ్మా. ఒప్పుకునింది కూడా. ఇయ్యకుండా ఎనక్కు తిప్పింది నేనే."