ఏడువందల పద్ధెనిమిది జాగ్రత్తలు

గని తాలూకు భూకేంద్రంలో డాక్టర్ ఫణీంద్ర ఆ ఉత్తరాన్ని మరోసారి కంప్యూటర్ జల్లెడలోకి వదిలాడు. ముప్ఫై వరసలు లోపలికి వెళ్ళాయి. తొమ్మిది బయటికి వచ్చాయి.

"చూశారా డాక్టరుగారూ, నేను రాసింది ఇది కాదు," అంది తెరమీద హైమావతి. ఆమె చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర మంచు గనిలో షిఫ్టు ఇన్‌ఛార్జి. అక్కడి మాట భూమికి చేరడానికి సెకను పైన పడుతుంది. ఆమె కోపమూ అంతే ఆలస్యంగా చేరింది.

ఆమె పిల్లలిద్దరూ రెండేళ్ళుగా తణుకులో తండ్రి దగ్గర పెరుగుతున్నారు. గనినుంచి ఇళ్ళకి ఫోన్ సౌకర్యం లేదు. ఆమె రాసే ఉత్తరాలు సోమవారం సోమవారం వాళ్ళకి అందుతాయి. కిందటి నెల పన్నెండేళ్ళ పల్లవి జవాబు రాసింది: "అమ్మా, కాలువ ఈ గట్టునుంచి ఆ గట్టుకి ఈదేశాను! నాన్న నేర్పించారు." కాలువ వైపే వెళ్ళొద్దని ఆరుసార్లు రాసిన తల్లి అప్పటికప్పుడే నిలదీస్తూ రాసింది. "వద్దని ఎప్పుడు రాశావమ్మా?" అని జవాబిచ్చింది పిల్ల.

గని ఉత్తరాల్లోకి మోసపు లింకులు చొరబడుతుంటే ఫణీంద్ర ఈ జల్లెడ తయారుచేశాడు. ఫార్మాట్ చేసిన టెక్స్ట్‌లో లింకుకు ఒక ఆకారం ఉంటుంది. పైకి కనిపించే పేరు చదరపు బ్రాకెట్లలో, ఆ వెంటనే చిరునామా గుండ్రని బ్రాకెట్లలో. ఆ ఆకారాన్ని వర్ణించే చిన్న సూత్రమే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్. రాసినదాని అర్థంతో దానికి పనిలేదు. ఈ గుర్తు తర్వాత ఆ గుర్తు వచ్చిందా అన్నదే చూస్తుంది. వస్తే ఏరి పక్కన పెడుతుంది.

పక్కన పెట్టినవి ఫణీంద్ర తెరిచి చూశాడు.

[పల్లవి](కాలువ దరిదాపులకు వెళ్ళకు)
[బుజ్జి](జ్వరం తగ్గినా మూడురోజులు ఐస్ వద్దు)

"పిల్లలకి ఇలా రాస్తారా అమ్మా ఎవరైనా?"

"గని లాగ్‌బుక్కులో ఇలాగే రాస్తామండీ. యంత్రం పేరు చదరంలో, చెయ్యాల్సిన పని గుండ్రంలో. చేతికి అలవాటైపోయింది."

"పిల్లలు పంపులు కారు కదా."

"పంపు నయమండీ. చెప్పినట్టు వింటుంది."

ఫణీంద్ర నవ్వి, గుండ్రని బ్రాకెట్‌లో వెబ్ చిరునామా ఉంటేనే పట్టుకోమని సూత్రాన్ని మార్చాడు. ఈసారి ముప్ఫై వరసలూ బయటికి వచ్చాయి.

"జల్లెడలో ఆగిపోయిన పాతవి కూడా ఉన్నాయి. ఏడువందల పద్ధెనిమిది. ఇక్కణ్ణించే పంపమంటారా?"

"ఒక్కటీ వదలకుండా పంపండి."

నాలుగోరోజున పల్లవి జవాబు చంద్రుడికి చేరింది.

"అమ్మా, అన్నీ చదివాము. నువ్వు వద్దన్నావని నాకు నిజంగా తెలీదు. ఈత మానేశాను. ఈ ఆదివారం జరగబోయే పోటీనుంచి పేరు తీసేయించుకున్నాను. నా చోటు కరుణకి ఇచ్చారు. బుజ్జి ఐస్ ముట్టుకోవడం లేదు. ఇదివరకు నువ్వు కబుర్లే రాసేదానివి, నేను చదివితే వాడు పడీపడీ నవ్వేవాడు. ఈసారి కబుర్లు లేవేమని అడుగుతున్నాడు."

హైమావతి మళ్ళీ భూకేంద్రానికి ఫోన్ చేసింది.

"డాక్టరుగారూ, ఈత గురించి రాసినవి ఆరూ... మళ్ళీ ఏరేయడం కుదురుతుందా?"

"చదివేశాక ఏరే జల్లెడ నాకు చేతకాదమ్మా."

ఆమె కొత్త ఉత్తరం మొదలుపెట్టింది. [పల్లవి](మళ్ళీ ఈతకు వె... అక్కడిదాకా వచ్చి ఆగింది. బ్రాకెట్లు చెరిపేసింది. చాలాసేపటికి ఇలా రాసింది: "పల్లవీ, కాలువ మధ్యకి వెళ్ళాక నీళ్ళు చల్లగా ఉన్నాయా? భయం వేసిందా?"

ఆ ఉత్తరం ఒక్క అక్షరం పోకుండా చేరింది. పోటీ అయిపోయిన మర్నాడు, సోమవారం.